మన వెనక వెలగాల్సిన దీపాలు

కారులో ఏది చెడినా ఏదో ఒక రకంగా మనకు తెలిసిపోతుంది. ఇంజిన్ వేడెక్కితే మీటరు ముల్లు పైకి లేస్తుంది. టైరులో గాలి దిగితే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. హారన్ పనిచేయకపోతే నొక్కిన క్షణమే తెలుస్తుంది. బ్రేకు లైటు ఒక్కటే పోయి నెలలు గడిచినా మనకు తెలియకుండా ఉండిపోతుంది. అది వెలిగేది మన వెనక, మన చూపు అందని చోట. దాన్ని చూసి కాలు బ్రేకు మీద వేయాల్సినవాడు మనకు ముక్కూ మొహమూ తెలియని మనిషి. అతని ప్రాణమూ, మన వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల ప్రాణమూ ఆ చిన్న బల్బును నమ్ముకుని ఉంటాయి.

తిరుమల కొండ దిగేటప్పుడు ఈ మాట ఎంత నిజమో అర్థమవుతుంది. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదే ఒకప్పుడు ఎక్కే బండ్లూ దిగే బండ్లూ నడిచేవి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్త దారి ఎక్కడానికి, పాత దారి దిగడానికి. ఆ దిగే దారిలో ఒక హెయిర్‌పిన్ మలుపు తిరిగామో లేదో ఇంకోటి ఎదురవుతుంది. బస్సులు, టాక్సీలు, దర్శనం చేసుకుని అలసిపోయిన యాత్రికుల సొంత కార్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా దిగుతుంటాయి. ముందు బండి ఎప్పుడు నెమ్మదిస్తుందో వెనకవాడికి చెప్పేది ఎర్ర దీపం ఒక్కటే. మొగిలి ఘాట్‌లోనైనా, భాకరాపేట ఘాట్‌లోనైనా ఇదే సంగతి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం కారు నడిపేవాడి పని. ఆ లోపాల్లో చాలావాటిని ఇంటి ముందే, మామూలు పనిముట్లతో, మనమే కనిపెట్టవచ్చు. కావలసిందల్లా ఊహించి సామాను మార్చే అలవాటు మానుకుని, పరీక్షించి తెలుసుకునే అలవాటు చేసుకోవడం.

ఎందుకింత పట్టింపు?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. వాటన్నిటికీ దీపాలే కారణమని ఎవరూ అనలేరు. అతివేగం ఉంది, నిద్రమత్తు ఉంది, ఫోను ఉంది. కానీ వెనక వచ్చేవాడు జాగ్రత్తపరుడైనా సరే, మన బ్రేకు లైటు వెలగకపోతే అతని జాగ్రత్త సగానికి సగం వృథా అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. మన కారు నెమ్మదించిందని దీపం చూడకుండా కంటి అంచనాతో గ్రహించడానికి అతనికి ఇంకో సెకను ఎక్కువ పడితే, ఆ 17 మీటర్లూ మన డిక్కీ లోపలే ముగియవచ్చు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ ప్రకారం డ్రైవరు సరైన సమయంలో సరైన సంకేతం ఇవ్వాలి. ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడిపితే 190వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత జరిమానా 1,500 రూపాయల దాకా వేయవచ్చు. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే జైలు దాకా పోవచ్చు. ఆ సెక్షన్‌లో గమనించాల్సిన మాట ఒకటుంది. లోపం డ్రైవరుకు తెలిసి ఉండాలి, లేదా మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదై ఉండాలి. అంటే ‘నా బ్రేకు లైటు పోయినట్టు నాకు తెలియదు సార్’ అని తప్పించుకోవడం కుదరదు. చూసుకుంటే తెలిసేదే కదా!

మొదటి అలవాటు: చూసుకోవడం

వారానికి ఒకసారి, ఘాట్ రోడ్డు ఎక్కే ముందు తప్పకుండా, ఈ పరీక్ష చేయండి. ఇంట్లోవాళ్లను ఒకరిని కారు వెనక నిలబెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. ఈ వరసలో ఒక్కొక్కటీ వేసి అడగండి.

1. పార్కింగ్ లైట్లు వేయండి. రెండు పక్కలా ఒకే వెలుగు ఉండాలి.
2. వాటిని ఆపకుండానే బ్రేకు తొక్కండి. రెండు పక్కలా, పైన మూడో లైటు ఉంటే అదీ, స్పష్టంగా ఎక్కువ వెలుగుతో రావాలి.
3. బ్రేకు తొక్కే ఉంచి ఎడమ ఇండికేటర్ వేయండి, తర్వాత కుడి. బ్రేకు లైటు మారకూడదు, ఇండికేటర్ ఒకే వేగంతో కొట్టుకోవాలి.
4. నాలుగు ఇండికేటర్లూ కలిసి వెలిగే హజార్డ్ స్విచ్ నొక్కండి. ముందు, వెనక, పక్క అద్దాల మీదివి కూడా చూడమనండి.
5. చివరగా రివర్స్ లైటు. దీనికి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి, క్లచ్చూ బ్రేకూ తొక్కి ఉంచి రివర్స్ గేరు వేస్తే చాలు.

రెండో, మూడో మెట్టును చాలామంది వదిలేస్తారు. ఒక్కో దీపాన్ని విడిగా చూస్తే బాగానే వెలుగుతుంది. రెండు కలిపి వేసినప్పుడే దొంగ దొరుకుతాడు. ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే దారి, దాని లోపాలు బయటపడేది అక్కడే.

ఎవరూ తోడు లేకపోతే రాత్రిపూట కారు వెనక భాగాన్ని తెల్లగోడకు దగ్గరగా పెట్టి బ్రేకు తొక్కండి. గోడ మీద పడే వెలుగును అద్దంలో చూసి ఎడమ, కుడి పోల్చుకోవచ్చు. సెల్‌ఫోన్‌ను వెనక నిలబెట్టి వీడియో తీసినా సరిపోతుంది.

ఇండికేటర్: లక్షణం చూసి కారణం పట్టుకోవడం

ఇండికేటర్ తన రోగాన్ని తానే చెబుతుంది. వినడం నేర్చుకోవాలి.

*ఒక పక్క మాత్రమే వేగంగా కొట్టుకుంటోంది.* మామూలుగా ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి. అంతకు మించి గబగబా కొట్టుకుంటుంటే ఆ పక్క ఒక బల్బు పోయినట్టు లెక్క. ఇండికేటర్లో వాడే 21 వాట్ల బల్బు ఒక్కొక్కటీ సుమారు 1.75 యాంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ముందూ వెనకా కలిపి ఎంత కరెంటు పోతోందో ఫ్లాషర్ రిలే కొలుస్తూ ఉంటుంది. ఒక బల్బు మాడిపోగానే కరెంటు సగానికి పడిపోతుంది. డ్రైవరుకు తెలియాలని రిలే వేగం పెంచేస్తుంది. కాబట్టి ఆ గబగబ శబ్దం విని రిలే మార్చకండి, అది తన పని తాను చేస్తోంది. దిగి, ఆ పక్క ఏ బల్బు వెలగడం లేదో చూడండి.

*ఒక పక్క అసలు వెలగదు, రెండో పక్క బాగుంది.* రిలే, ఫ్యూజు రెండూ బాగున్నట్టే, ఎందుకంటే చాలా కార్లలో అవి రెండు పక్కలకూ ఉమ్మడి. ముందు హజార్డ్ నొక్కి చూడండి. హజార్డ్‌తో ఆ పక్క వెలిగితే లోపం స్టీరింగు పక్కనున్న కాంబినేషన్ స్విచ్‌లో ఉంటుంది. హజార్డ్‌తో కూడా వెలగకపోతే ఆ పక్క బల్బులు, హోల్డర్లు, వైరు చూడాలి.

*రెండు పక్కలా ఇండికేటర్ లేదు, హజార్డ్ మాత్రం వెలుగుతోంది.* చాలా కార్లలో ఈ రెంటికీ వేరువేరు ఫ్యూజులు ఉంటాయి. ఇండికేటర్ ఫ్యూజు చూడండి. అది బాగుంటే హజార్డ్ స్విచ్‌ను పదిసార్లు నొక్కి వదలండి. కొన్ని కార్లలో ఇండికేటర్ కరెంటు హజార్డ్ స్విచ్ గుండానే పోతుంది. ఏళ్ల తరబడి ఎవరూ నొక్కని ఆ స్విచ్ లోపల దుమ్ము చేరి, చిలుము పట్టి, కరెంటును అడ్డుకుంటుంది. అలా నొక్కాక పనిచేస్తే అసలు జబ్బు తెలిసిపోయినట్టే. స్విచ్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

*ఇండికేటర్, హజార్డ్ రెండూ లేవు.* ఫ్యూజులు, తర్వాత రిలే. ఈ కాలపు కార్లలో చాలావాటికి విడి రిలే ఉండదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు పెట్టెలోనే ఆ పని జరుగుతుంది. ఫ్యూజులు బాగుండి కూడా వెలగకపోతే అక్కడ మన పని ఆపి, కంప్యూటర్ స్కానర్ ఉన్న చోటికి తీసుకుపోవాలి.

*వెలిగింది వెలిగినట్టే ఉండిపోతోంది.* రిలే పోయినట్టు. పాతకాలపు వేడి రిలేలు ఉన్న బండ్లలో మాత్రం ఇక్కడ ఇంకో అనుమానం ఉంది. వాటిలో ఒక బల్బు పోతే వేగం పెరగడం బదులు కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. పాత అంబాసిడర్, పాత జీపు ఉన్నవాళ్లు ముందు బల్బులే చూసుకోవాలి.

బ్రేకు లైటు: మూడు ప్రశ్నలు

బ్రేకు పెడల్ పైభాగాన, డ్యాష్‌బోర్డు కింద, ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పెడల్ కదలగానే అది కలిసి, కరెంటు వెనక్కి పోతుంది. ఇంత సులువైన ఏర్పాటు కాబట్టి మూడు ప్రశ్నలతో లోపం తేలిపోతుంది.

*ఒకటే వెలగడం లేదా?* ఆ పక్క బల్బు, హోల్డర్, ఎర్త్. స్విచ్, ఫ్యూజు జోలికి పోనక్కర్లేదు.

*మొత్తం మూడూ వెలగడం లేదా?* మూడు బల్బులూ ఒకే రోజు పోవడం చాలా అరుదు. ముందు ఫ్యూజు చూడండి, తర్వాత పెడల్ స్విచ్. ఆటోమేటిక్ గేరు కారులో అదే సమయంలో లివర్ ‘పి’ నుంచి కదలకపోతే, బటన్ స్టార్ట్ కారు బ్రేకు తొక్కినా స్టార్ట్ కాకపోతే, అనుమానం పెడల్ స్విచ్ మీదికే పోవాలి. ఆ కార్లు బ్రేకు తొక్కారా లేదా అన్నది తెలుసుకునేది ఆ స్విచ్ ద్వారానే. పైన మూడోది వెలుగుతూ, కింద రెండూ వెలగకపోతే స్విచ్ బాగున్నట్టే. కింది రెండు బల్బులూ, వాటి వైర్లూ చూడాలి.

*కాలు తీసినా వెలుగుతూనే ఉన్నాయా?* పెడల్ స్విచ్ స్థానం తప్పి ఉండవచ్చు. చాలాసార్లు కారణం ఇంకా చిన్నది. స్విచ్ మొన ఆనుకునే చోట పెడల్‌కు ఒక చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఎండలకూ కాలానికీ అది పెళుసై విరిగిపోతుంది. స్విచ్ మొన ఆ బిళ్ల ఉండాల్సిన రంధ్రంలో దూరిపోయి, పెడల్ పైకి వచ్చినా స్విచ్‌ను నొక్కే ఆధారం ఉండదు. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు మీద చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే పారేయకండి, అవి ఆ బిళ్లవే కావచ్చు. ఈ లోపాన్ని వెంటనే సరిచేయాలి. ఎప్పుడూ వెలిగే బ్రేకు లైటు అసలు వెలగని లైటుతో సమానం, ఎందుకంటే నిజంగా ఆగుతున్నప్పుడు వెనకవాడికి ఏ మార్పూ కనిపించదు. పైగా 21 వాట్ల బల్బులు రెండు రాత్రంతా వెలిగితే మూడున్నర యాంపియర్ల లెక్కన బ్యాటరీ ఖాళీ అవుతుంది. మన తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే బ్యాటరీలు దేశమంతా తిరుగుతున్నాయి. ఎంత మంచి బ్యాటరీ అయినా ఈ భారానికి తెల్లారేసరికి పడుకుంటుంది.

అసలు దొంగ: ఎర్త్

బల్బు కొత్తది, ఫ్యూజు బాగుంది, కరెంటు వస్తోంది, అయినా లైటు వెలగదు. ఇక్కడే చాలామంది తల పట్టుకుంటారు. బల్బుకు కరెంటు రావడం ఎంత ముఖ్యమో, వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి పోవడం అంతే ముఖ్యం. తూము తెరిచినా కాలువ చివర పూడిపోతే నీళ్లు పారవు కదా, ఇదీ అంతే. ఆ తిరుగు దారి కారు ఇనుప బాడీయే. ప్రతి టెయిల్ ల్యాంపు నుంచీ ఒక వైరు, తరచుగా నల్లది, బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టినా, బోల్టు వదులైనా దారి మూసుకుపోతుంది.

మన వైపు ఈ జబ్బుకు ఒక కాలం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు నీళ్లలో మునగడం మనమంతా చూశాం. అంత వరద రాకపోయినా, డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు పాతబడితే వాన నీళ్లు లోపలికి దిగి, టెయిల్ ల్యాంపు వెనకా, స్టెప్నీ గుంటలోనూ చేరతాయి. వానలు పోయి, సంక్రాంతి వచ్చేసరికి ఇనుము మీద తుప్పు, రాగి మీద ఆకుపచ్చ చిలుము తయారుగా ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పుత్తూరులో ఉండే ఒక ఉపాధ్యాయుడి కారు అనుకోండి. ఎడమ బ్రేకు లైటు వెలగడం లేదు. బల్బు మార్చారు, ఫలితం లేదు. టెయిల్ ల్యాంపు మొత్తం మార్చాలేమోనని అనుకుంటున్నారు. పండగ సెలవుల్లో ఇంటికి వచ్చిన కొడుకును వెనక నిలబెట్టి పరీక్ష మొదలుపెట్టారు.

“బ్రేకు తొక్కినా, చూడబ్బోడా.”

“కుడిపక్కది బాగా వెలగతా ఉంది నాయనా. ఎడమపక్కది వెలగలా. దాని పక్కన ఇండికేటర్ మాత్రం సన్నంగా వెలగతా ఉంది.”

“ఇండికేటరా? నేనింకా వెయ్యనే లేదే! సరే, ఇప్పుడు ఎడమది వేసినా.”

“ఇప్పుడు బ్రేకు లైటు కూడా దాంతోపాటు మినుకుమినుకుమంటా ఉంది.”

ఆ మాటతో లోపం తేలిపోయింది. బ్రేకు లైటుకు వచ్చిన కరెంటుకు తన ఎర్త్ దారి దొరక్క, పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా దొంగదారిన బయటికి పోతోంది. బ్రేకు తొక్కితే వేరే దీపం వెలిగినా, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమన్నా ముందు ఎర్తే చూడాలి. నిర్ధారించుకోవడానికి ఒక కొన క్లిప్పు, ఇంకో కొన మొన ఉండే టెస్ట్ ల్యాంపు చాలు. క్లిప్పును శుభ్రమైన బాడీ ఇనుముకు తగిలించి, మొనను హోల్డర్లో కరెంటు వచ్చే చోట పెట్టి బ్రేకు తొక్కిస్తే ల్యాంపు వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. క్లిప్పును అక్కడి నుంచి తీసి హోల్డర్ ఎర్త్ కొనకు తగిలిస్తే వెలగలేదు. అంటే పోయే దారి మూసుకుపోయింది. నల్ల వైరు వెంట పోతే డిక్కీ లోపల ఒక బోల్టు దగ్గర తుప్పు. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా ఉప్పు పేపరుతో రుద్ది, వైరు కొనను కూడా శుభ్రం చేసి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు పూశారు. లైటు వెలిగింది. వేల రూపాయల టెయిల్ ల్యాంపు కొనాల్సిన పని తప్పింది.

బల్బు, ఫ్యూజు మార్చేటప్పుడు

చాలా కార్లలో బ్రేకు, పార్కింగ్ లైట్లకు ఒకే బల్బు ఉంటుంది. దాని లోపల రెండు ఫిలమెంట్లు: ఒకటి 21 వాట్లు, ఒకటి 5 వాట్లు. పక్కనున్న రెండు పిన్నులు ఎత్తుల్లో తేడాగా ఉంటాయి, తలకిందులుగా పట్టకుండా. బల్బును నొక్కి తిప్పితే కూర్చోవాలి. కూర్చోకపోతే బలవంతం చేయకండి, తిప్పి పెట్టండి. బలవంతంగా దూర్చితే పార్కింగ్ వేసినప్పుడు బ్రేకు వెలుగు, బ్రేకు తొక్కినప్పుడు పార్కింగ్ వెలుగు వచ్చే ప్రమాదం ఉంది. పసుపు ఇండికేటర్ బల్బు పిన్నులు కూడా ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు ఉంటాయి, తెల్ల బల్బు ఆ చోట పట్టకూడదని. దుకాణానికి పాత బల్బునే పట్టుకుపోతే పొరపాటు జరగదు. వెలిగి ఆరిన బల్బు వేడిగా ఉంటుంది, గుడ్డతో పట్టుకోండి. బల్బు తీసినప్పుడు హోల్డర్ లోపలికి చూడండి. ప్లాస్టిక్ కరిగి ఉన్నా, నల్లబడి ఉన్నా బల్బు ఒక్కటే మార్చి లాభం లేదు, హోల్డర్ కూడా మార్చాలి.

ఫ్యూజుల మీద యాంపియర్ల అంకె ఉంటుంది, రంగు కూడా దాన్నే చెబుతుంది. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు. ఏది పోతే అదే అంకెది పెట్టాలి. 10 పోయిన చోట 20 పెట్టడం, ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం కారుకు నిప్పు పెట్టడమే. ఒకసారి ఫ్యూజు పోతే మార్చండి. మార్చగానే మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. డిక్కీ తలుపు మడతపడే చోట రబ్బరు గొట్టంలో వైర్లు తెగుతాయి. ఎలుకలు కొరికిన చోటా తెగుతాయి. ఆ చోటు దొరికేదాకా ఇంకో ఫ్యూజు వేయకండి.

ఇంట్లో ఉండాల్సిన సామాను ఇంతే: 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబరు స్పానర్, ఉప్పు పేపరు ముక్క, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మీ కారుకు సరిపోయే బల్బులు రెండు మూడు, ఫ్యూజులు నాలుగు. కారు మాన్యువల్‌లో ఏ ఫ్యూజు దేనికో రాసి ఉంటుంది. ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.

ఎల్‌ఈడీ మోజు

ఎల్‌ఈడీ దీపం మంచిదే. ఫిలమెంట్ వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, ఎల్‌ఈడీ ఆ ఆలస్యం లేకుండా వెలుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా విలువ నాలుగు మీటర్లకు పైనే. కానీ ఈ లాభం కంపెనీయే ఎల్‌ఈడీకి తగ్గట్టు తయారుచేసిన ల్యాంపుది. మామూలు బల్బు కోసం చేసిన ల్యాంపులో బజారు ఎల్‌ఈడీ బల్బు దూర్చితే వెలుగు సరిగా పరుచుకోదు. ఇండికేటర్లో పెడితే కరెంటు తక్కువ తీసుకోవడం వల్ల రిలే బల్బు పోయిందనుకుని గబగబా కొట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి పెట్టే రెసిస్టర్ చేతికి తగిలితే కాలేంత వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కు ఆనించి కడితే కరిగిస్తుంది. ల్యాంపు అద్దానికి నల్ల ఫిల్మ్ అతికించడం, అలంకారానికి బ్రేకు లైటు మిణుకుమిణుకుమనేలా చేయడం కూడా మానుకోవాలి. వెనకవాడికి అర్థమయ్యే దీపం కావాలి, అందంగా కనిపించే దీపం కాదు.

బాగుచేసిన దీపాన్ని బాగా వాడటం

దీపాలు బాగుంటే సరిపోదు, అవి నిజం చెప్పాలి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టుతో దిగడం సరైన పద్ధతి. అయితే ఇంజిన్ పట్టుతో కారు నెమ్మదించినప్పుడు బ్రేకు లైటు వెలగదు. మలుపు దగ్గరికి రాగానే వెనక బండి దగ్గరగా ఉంటే పెడల్‌ను ఒకటి రెండుసార్లు తేలికగా తాకండి. అతనికి కబురు అందుతుంది. దారి పొడవునా కాలు బ్రేకు మీదే ఉంచేవాళ్ల లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అది అబద్ధం చెప్పే దీపం. బ్రేకులు కూడా వేడెక్కి పట్టు తప్పుతాయి.

కొండ మీద మంచు కమ్మినప్పుడు చాలామంది నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతారు. ఆగిపోయిన బండికి వేయాల్సిన సంకేతం అది. నడుస్తున్న బండికి వేస్తే వెనకవాడికి మనం ఆగామో కదులుతున్నామో తెలియదు. మనం మలుపు తిరిగే సంగతి చెప్పే వీలూ పోతుంది. మంచులో లో బీమ్ హెడ్‌లైట్లు, వాటితోపాటు వెలిగే వెనక లైట్లు, ఉంటే ఫాగ్ లైట్లు, తక్కువ వేగం చాలు.

హైవే మీద లారీవాళ్లు కుడి ఇండికేటర్ వేస్తే ‘దాటుకుని పో’ అని కొందరు, ‘దాటకు’ అని కొందరు అర్థం చేసుకుంటారు. ఈ అయోమయంలో ప్రాణాలు పెట్టకండి. ఎవరు ఏ ఇండికేటర్ వేసినా ఎదురుగా దారి ఖాళీగా ఉందని మన కళ్లతో చూశాకే దాటాలి. మనం మాత్రం తిరిగే ముందు, దాటే ముందు, కనీసం నాలుగైదు సెకన్ల ముందే ఇండికేటర్ వేద్దాం. మామిడి కాలంలో దామలచెరువు, బంగారుపాళ్యం వైపు రాత్రిళ్లు పోతే వెనక దీపాలు లేని ట్రాక్టర్లు ఎదురవుతాయి. అలాంటి దారిలో మన దీపాలు ఇంకా బాగుండాలి. ట్రాక్టర్ కోసం హఠాత్తుగా బ్రేకు వేయాల్సి వచ్చేది మనకే, మన వెనక ఉన్నవాడికి కబురు చెప్పాల్సిందీ మనమే.

దారిలో ఇండికేటర్ పోతే చేతి సంకేతాలు ఇవ్వండి. బ్రేకు లైట్లు పూర్తిగా పోతే రాత్రి ప్రయాణం ఆపేయండి.

ఎక్కడ మన చేయి ఆపాలి

స్టీరింగులో ఎయిర్ బ్యాగ్ ఉన్న కారులో కాంబినేషన్ స్విచ్ మనం విప్పకూడదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదు. అతుకు లేకుండా మూసిన ఎల్‌ఈడీ ల్యాంపులు, కంప్యూటరు పెట్టె లోపాలు తెలిసినవాళ్లకే వదలాలి.

మేస్త్రీ దగ్గరికి పోయినప్పుడు ‘రిలే మార్చన్నా’ అనకండి. ‘ఎడమపక్క గబగబా కొట్టుకుంటా ఉంది, హజార్డ్ వేసినా అదే తీరు, ముందు బల్బు వెలగతా ఉంది, వెనకది వెలగలా’ అని చూసింది చూసినట్టు చెప్పండి. లక్షణం చెబితే మేస్త్రీ కారణం వెతుకుతాడు. సామాను పేరు చెబితే ఆ సామానే మారుస్తాడు, లోపం అక్కడే ఉంటుంది. పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు పైన చెప్పిన ఐదు మెట్ల పరీక్ష షెడ్డులోనే చేయండి. మంచి మేస్త్రీ దానికి నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

ఈ వారం చేయాల్సినవి

- ఒక సాయంత్రం ఐదు మెట్ల పరీక్ష పూర్తిచేయండి.
- ఫ్యూజు బాక్సు ఎక్కడుందో, ఇండికేటర్, బ్రేకు ఫ్యూజులు ఏవో గుర్తుపట్టండి.
- హజార్డ్ స్విచ్ కొన్నిసార్లు నొక్కి వదలండి.
- డిక్కీలో మ్యాటు ఎత్తి తడి, తుప్పు ఉన్నాయేమో చూడండి.
- డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఇంట్లోని పిల్లలకు ఈ పరీక్ష చేసి చూపించండి. లైసెన్సు కన్నా ముందు వాళ్లకు రావాల్సిన అలవాటు ఇది.

చివరగా ఒక విన్నపం. అలిపిరి టోల్‌గేటు వరసలోనో, పెట్రోలు బంకులోనో, సిగ్నల్ దగ్గరో ముందున్న కారు బ్రేకు లైటు వెలగడం లేదని మీకు కనిపిస్తే ఊరికే ఉండకండి. దిగి పోయి, ‘అన్నా, మీ ఎడమ బ్రేకు లైటు వెలగలేదు, చూసుకోండి’ అని ఒక మాట చెప్పండి. ఆ లోపం అతనికి ఎంత మాత్రం కనిపించదు, మీకు కనిపిస్తుంది. మీకెవరైనా అలా చెబితే చిరాకు పడకుండా దండం పెట్టి, ఆ రోజే బాగుచేయించుకోండి.